డీజిలా, పెట్రోలా? వాడిన సరకుబండిని కొనబోవు రైతునకు

సంతలో ఎద్దును కొనునపుడు మన రైతు పండ్లు చూచును, సుడులు చూచును, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి గాని బేరమాడడు. ఆ రైతే లక్షలు పోసి వాడిన పికప్పుబండిని కొనునపుడు రంగు చూచి, టైర్లు చూచి, దళారి మాట విని బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. ఎద్దు చెడిన ఒక యేటి సేద్యము చెడును. అప్పుచేసి కొన్న బండి చెడినచో వాయిదాలు తీరువరకు సంసారమే చిక్కులలో పడును. కావున ఈ విషయమును గూర్చి సభ్యులు ముందుగా ఆలోచించుకొనుట మంచిది.

హిందూపురము మార్కెట్టునకు చింతపండు, అచటికిని ధర్మవరమునకును పట్టుగూళ్లు, పెనుకొండ మీదుగా పెద్దరోడ్డెక్కి బెంగుళూరునకు టమాటా, కూరగాయలు చేరవలయుననిన నేడు పికప్పుబండియే ఆధారము. క్రొత్తబండి వెల సామాన్యరైతునకు అందదు. కనుక పలువురు వాడినబండికై చూచుచున్నారు. వారు మొట్టమొదట అడుగు ప్రశ్న, డీజిలుబండి మేలా, పెట్రోలుబండి మేలా అనునది.

ఊరిలో దొరకు సమాధానము "డీజిలే మేలు" అనియే. లీటరు వెల తక్కువ, లీటరునకు నడుచు దూరము హెచ్చు అని కారణము చెప్పుదురు. ఇందులో అసత్యము లేదు. గాని ఇది సగము మాట మాత్రమే. ఏ ఇంజను మేలో మీరు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, ఎంత బరువుతో నడుపుదురను దానిని బట్టి యుండును. ఆ లెక్క వేయకమునుపు బండిని చూడబోవుటయే పొరపాటు.

ఇంజనుల స్వభావము

పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలును కలిసి లోపలికి వచ్చి నొక్కబడిన పిదప ప్లగ్గునుండి నిప్పురవ్వ పుట్టి మండును. జర్మనీదేశస్థుడగు ఆటో 1876లో నిర్మించిన నాలుగుదెబ్బల ఇంజను దీనికి మూలము. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని పదునైదు మొదలు ఇరువది వంతుల వరకు నొక్కగా అది తనంతట తానే మిక్కిలి వేడెక్కును. ఆ వేడిలోనికి డీజిలు చిమ్మినంతనే అంటుకొనును. రుడాల్ఫు డీజిలు 1897లో దీనిని జయప్రదముగా నడిపి చూపెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఇట్టి చిన్న ఇంజను నొకదానిని వేరుసెనగ నూనెతో నడిపిరి. మన మెట్టభూములలో పండు గింజ నూనెయే ఆ ఇంజనును త్రిప్పినదని వినుటకు సంతోషమే. కాని ఆ కథ విని నేటిబండిలో నూనె పోయరాదు; సన్నని నోజిళ్లు జిగురు పట్టి చెడును.

అంత గట్టిగా నొక్కుటవలన డీజిలు ఇంజను ఇంధనమునుండి హెచ్చు శక్తిని రాబట్టును. తక్కువ వేగముననే బలముగా లాగును. నిండుబరువుతో పెనుకొండ కొండలదారిని ఎక్కునపుడు ఈ గుణము తెలియును. పెట్రోలు ఇంజను అదే బరువును లాగవలయుననిన వేగముగా తిరుగవలయును. అపుడు లీటరునకు నడుచు దూరము బాగుగా తగ్గును. కాని ఒత్తిడికి తగినట్లు డీజిలు ఇంజను భాగములు బరువైనవి, ఖరీదైనవి. నేటి డీజిలుబండ్లలో పంపు మామూలు గాలి ఒత్తిడికి వేయిరెట్లు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లకు డీజిలు నందించును. అవి చెడినచో ఊరి మేస్త్రీ చేతిలో బాగుపడవు. పెట్రోలు ఇంజనుకు ప్లగ్గులు మార్చుట, త్రాటిల్ శుభ్రపరచుట వంటి పనులు తక్కువ ఖర్చుతో తీరును.

లెక్క వేసి చూతము

లెక్కకొఱకు మాత్రమే కొన్ని అంకెలు తీసికొందము. మీ అంకెలను మీరు వేసికొనుడు. పెట్రోలు లీటరు 110 రూపాయలు, బండి 11 కిలోమీటర్లు నడుచుననుకొన్న, కిలోమీటరునకు 10 రూపాయలు. డీజిలు 98 రూపాయలు, 14 కిలోమీటర్లు అనుకొన్న, కిలోమీటరునకు 7 రూపాయలు. ఆదా 3 రూపాయలు. అదే వయస్సుగల డీజిలుబండి వెల 90,000 రూపాయలు హెచ్చనుకొందము. ఆ హెచ్చుసొమ్మును నూటికి 12 వడ్డికి తెచ్చితిమనిన మొదటియేటి వడ్డి 10,800 రూపాయలు. డీజిలుబండికి ఏటికి మరమ్మతు ఖర్చు 12,000 రూపాయలు హెచ్చగుననుకొందము.

హిందూపురమునకు 15 కిలోమీటర్ల దూరమున నున్న పల్లెలోని రైతు ఏటికి 160 దినములు మార్కెట్టునకు పోయివచ్చినను 5,000 కిలోమీటర్లు నిండవు. 5,000 కిలోమీటర్లకు ఆదా 15,000 రూపాయలు. మరమ్మతు, వడ్డి కలిసి 22,800 రూపాయలు. ఆదా యనుకొన్నచోట 7,800 రూపాయలు నష్టము.

ఏటికి 10,000 కిలోమీటర్లు నడుపువానికి ఆదా 30,000 రూపాయలు. మిగులును అసలునకే జమకట్టుచు వచ్చినను ఆ 90,000 తీరుటకు ఎనిమిదేండ్లు పట్టును. వాడినబండి మనయొద్ద ఎనిమిదేండ్లు చెడకుండ నడుచునని యెవరు పూచీ పడుదురు?

బెంగుళూరు హిందూపురమునకు సుమారు 100 కిలోమీటర్లు. ఏటికి నూరుమారులు పోయివచ్చువానికి 20,000 కిలోమీటర్లగును. ఇతనికి హెచ్చుసొమ్ము రెండున్నర యేండ్లలోపలనే తీరి, పిదపనంతయు లాభమే. ఇతడు నిండుబరువుతో పోవువాడైన సందేహింపక డీజిలుబండియే కొనవలయును. పట్టుగూళ్లవంటి తేలికసరకును దగ్గర మార్కెట్టునకు చేర్చువాడు ఇతనిని చూచి డీజిలుబండి కొనరాదు.

2020 తరువాతి బండ్లు

భారత్ స్టేజి 6 నియమములు 2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట అమలుజరిగినవి. నాటినుండి డీజిలుబండ్లకు పొగమసిని పట్టి నిలుపు జల్లెడ వచ్చినది. ఇంజను చాలసేపు వేడిగా నడిచిన ఆ మసి కాలి జల్లెడ శుభ్రపడును. దినమునకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే నడిచి ఆగిపోవు బండిలో మసి కాలక జల్లెడ పూడిపోవును. దానిని మార్చుట చాల ఖర్చు. కొద్దిదూరములు తిరుగువారికి డీజిలు తగదనుటకు ఇది రెండవ కారణము.

కొన్ని బండ్లలో పొగను శుద్ధిచేయుటకు యూరియా ద్రావకము ప్రత్యేకమగు తొట్టిలో పోయవలసియుండును. అది నూటికి 32.5 వంతుల మిక్కిలి శుద్ధమైన యూరియా గలది. పొలమునకు వేయు యూరియాను నీటిలో కలిపి అందు పోయరాదు. మన యూరియాకు 2015 నుండి వేపనూనె పూత తప్పనిసరి చేయబడినది. అట్టిది పోసినచో ఆ యంత్రభాగము పూర్తిగా చెడును.

బండిపేరును బట్టి ఇంజనును ఊహింపరాదు. మారుతి సూపర్ క్యారీ 2016లో 793 సి.సి. డీజిలు ఇంజనుతో వచ్చినది. 2020 తరువాత పెట్రోలు, గ్యాసు రకములుగా అమ్ముడుపోవుచున్నది. టాటా ఏస్ 2005లో డీజిలుబండిగా వచ్చి, పిదప పెట్రోలు, గ్యాసు రకములును పొందినది. కావున తయారైన సంవత్సరమును, ఇంధనమును రిజిష్ట్రేషను పత్రమునందే చూడుడు.

పెట్రోలునకును, గ్యాసునకును గల లోపములు

పెట్రోలుబండి కొనువారు ఒక సంగతి గమనింపవలయును. నేటి పెట్రోలులో నూటికి 20 వంతులవరకు ఎథనాలు కలుపుచున్నారు. ఎథనాలు శక్తి పెట్రోలుకంటె తక్కువ గనుక బండి నడుచు దూరము కొంత తగ్గును. 2023 ఏప్రిలునకు ముందు తయారైన బండ్లలో కొన్నింటి రబ్బరు గొట్టములు, వాషర్లు దీనికి తగినవి కాకపోవచ్చును. కావున పాతబండి కొన్నవెంటనే వానిని పరీక్షింపించి, పగిలినవానిని మార్పింపవలయును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు దొరకక మన దేశమున బస్సులు బొగ్గుగ్యాసుతో నడిచినవి. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకగానే ఆ కొలుములు మాయమైనవి. చేరువలో దొరకు ఇంధనముతో నడుచు బండియే బండి యని దీనివలన నేర్వవలయును. సి.ఎన్.జి. గ్యాసుబండికి కిలోమీటరు ఖర్చు తక్కువే. కాని గ్యాసుబంకు మీ దినచర్య దారిలో లేనిచో ఆ లాభము బంకువరకు పోయివచ్చుటకే సరిపోవును. గ్యాసుకిట్టు రిజిష్ట్రేషను పత్రమునందు నమోదై యుండవలయును. సిలిండరునకు మూడేండ్లకొకమారు జరుగు పరీక్ష గడువు దాటియుండరాదు.

బండిని పరీక్షించు విధము

ఉదయముననే, చెప్పకుండ పొండు. బానెట్టుపై చేయి వేసి చూడుడు. వేడిగా నున్నచో మీరు వచ్చులోపల ఇంజనును నడిపియుంచిరని అర్థము, మఱునాడు రండు. చల్లని ఇంజను తడవు చేయక అంటుకొనవలయును. పొగను చూడుడు. నీలిపొగ ఆయిలు మండుటకు గుర్తు. నల్లపొగ ఇంజెక్టర్లలోనో, గాలి ఫిల్టరులోనో దోషమునకు గుర్తు. ఇంజను వేడెక్కినను తెల్లపొగ ఆగనిచో ఒత్తిడి తగ్గినదనియో, నీరు లోపలికి పోవుచున్నదనియో అనుమానింపవలయును.

ఇంజను నడుచుచుండగా ఆయిలుమూత తీసి చూడుడు. లోపలినుండి పొగ బలముగా ఎగదన్నుచున్నచో పిస్టను రింగులు అరిగినవి. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లగా నుండుట దోషము కాదు. పాలుకలిసిన కాఫీవలె నున్నచో నీరు కలిసినదని తెలిసి ఆ బండిని విడువుడు. తొట్టిక్రింద దూరి ఛాసిస్ పై పగుళ్లు, క్రొత్త వెల్డింగు కలవేమో చూడుడు. మీటరులోని అంకెను నమ్మవలదు. పెడళ్ల రబ్బరు, డ్రైవరు సీటు అరుగుదల నిజము చెప్పును. కడపట బరువు వేసి ఎగువదారిలో నడిపి చూడనిదే బేరమాడవలదు.

కాగితములు

సరిహద్దు దగ్గర గనుక కర్ణాటకపు బండ్లు మనకు తఱచు వచ్చుచుండును. అట్టిదానికి అచటి రవాణాశాఖవారి నిరభ్యంతర పత్రము ఉండవలయును. ఇచట పన్ను, రిజిష్ట్రేషను ఖర్చులను వెలలోనే కలిపి లెక్కింపవలయును. బండి పేరు మార్పునకు 29, 30 ఫారములు, అప్పు తీరినదనుటకు ఫైనాన్సువారి సంతకముతో 35వ ఫారము తీసికొనుడు. సరకుబండికి ఎనిమిదేండ్లవరకు రెండేండ్లకొకమారు, పిదప ఏటేట ఫిట్‌నెస్ పత్రము కావలయును. ఇన్సూరెన్సు గడువును, చెల్లింపని చలానాలను చూడుడు. ఇవి లేకుండ పూర్తిసొమ్ము ఈయవలదు.

తుదిమాట

బండి కొనకపూర్వము గడచిన యేడాది మీరు ఎన్నిమారులు, ఎంతదూరము, ఎంతబరువు తోలించితిరో ఒక కాగితముపై వ్రాయుడు. దానికి చెల్లించిన బాడుగను ప్రక్కన వేయుడు. బండి వాయిదా, ఇంధనము, మరమ్మతు, ఇన్సూరెన్సు కలిసి ఆ బాడుగను మించినచో మీకు డీజిలును వలదు, పెట్రోలును వలదు, బాడుగబండియే మేలు. ఒకరి సరకు చాలనిచోట ఇరుగుపొరుగు రైతులు నలుగురు కలిసి, వ్రాతమూలకముగా నిబంధనలు చేసికొని ఒకేబండిని కొన్నయెడల కిలోమీటర్లు పెరిగి డీజిలుబండియు గిట్టుబాటగును. ఒక్కరికి తలకు మించిన బరువు నలుగురికి పంచిన తేలికయగునని సంఘముగా బ్రతుకుచున్న మనకు వేరుగ చెప్పనక్కఱలేదు.