అడవి పునరుద్ధరణలో గ్రామసభ పాత్ర: జైనూర్ నేపథ్యం

జైనూర్ పరిసరాల్లోని టేకు ప్రధానమైన ఆకురాల్చు అడవుల్లో, చెట్టును నరికినా మొదలు కింద వేరు సజీవంగా ఉంటుంది. పశువుల మేత, నిప్పు, నరికివేత కొన్నేళ్లు ఆగితే ఆ మొదళ్ల నుంచే పిలకలు లేచి అడవి తిరిగి పెరుగుతుంది. అయితే ఆ సంయమనం పాటించవలసినవారు అడవిపై ఆధారపడి జీవించే ప్రజలే.

ఈ ప్రాంతంలో అటవీ హద్దుల చరిత్ర చేదైనది. నిజాం పాలనలో రిజర్వు అడవుల సరిహద్దులు గోండుల, కొలాముల సాగుభూములను హరించాయి. 1940 నాటి కుమురం భీం పోరాటానికి అది ముఖ్య కారణం. తదనంతరం జైనూర్ మండలంలోని మార్లవాయిలో నివసించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ భూనష్టాన్ని గ్రంథస్థం చేశారు.

1992లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి అటవీ యాజమాన్యం ఆరంభమైంది. వన సంరక్షణ సమితులకు కాపలా బాధ్యత, ఫలసాయంలో వాటా లభించాయి. భూమిపై అధికారం, ప్రణాళికల ఆమోదం మాత్రం అటవీ శాఖ వద్దే ఉండిపోయాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ సంబంధాన్ని మార్చింది. సామూహిక అటవీ వనరును రక్షించి, పునరుజ్జీవింపజేసి, నిర్వహించుకొనే హక్కును సెక్షన్ 3(1)(ఐ) గుర్తించింది. వనరు వినియోగంపై గ్రామసభ చేసే నిర్ణయాలకు సెక్షన్ 5 చట్టబలం చేకూర్చింది.

కావున మేత నిషేధం ఒకటే అయినా, హద్దు గీసినవారిని బట్టి దాని అర్థం మారుతుంది. పైనుంచి విధించిన హద్దును ఇక్కడి ప్రజలు భూనష్టంగానే ఎరుగుదురు. గ్రామసభ తానే హద్దు నిర్ణయించి, పశువులకు వేరేచోట మేత చూపి, ఫలసాయంపై హక్కు నిలుపుకొన్నప్పుడే ఆ సంయమనం నిలుస్తుంది.