అద్దె యింటి పెత్తనము మనదా, ఏజెంటుదా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకిచ్చి చూడు అను మాట కూడ దానికి చేర్చవలసిన కాలమిది. "మా ఖోలీలు మేమే చూచుకొనుట మేలా, ఏజెంటున కప్పగించుట మేలా?" అని సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్నారు. షోలాపురములోని మన వారి స్థితిని దృష్టియం దుంచుకొని మాకు తోచిన సమాధానమును ఇక్కడ వ్రాయుచున్నాము.

మన పెద్దలు తెలంగాణపు జిల్లాల నుండి వచ్చి షోలాపురమున మొదట మగ్గములు, తరువాత సాంచాలు పెట్టుకొనిరి. సాఖర్ పేఠ, దాజీ పేఠ, అశోక్ చౌక్ ప్రాంతములందు ఇండ్లు కట్టుకొనిరి. చద్దర్లు, టవళ్లు నేసి మిగిల్చిన సొమ్ముతో ఇంటి ప్రక్కన రెండు మూడు ఖోలీలు వేసి అద్దెకిచ్చుట మనలో వాడుక. కూలిపై నేసిన వారిలో చాల మందికి చెప్పుకోదగిన పింఛను లేదు. కన్ను మసకబారి తెగిన పోగు కనబడని నాడు ఆ అద్దెయే అన్నము పెట్టును. అయితే నేడు బిడ్డలు ఉద్యోగములకై పుణెకో, హైదరాబాదుకో పోయి, తలిదండ్రులను తమ వద్దకు పిలిపించుకొనుచున్నారు. ఇల్లొక ఊర, యజమాని యొక ఊర అగుచున్నది. అందుచేతనే ఈ ప్రశ్న పుట్టినది.

ముందుగా లెక్క చూతము. ఉదాహరణకు మూడు ఖోలీలు, ఒక్కొక్కదానికి నెలకు 4,000 రూపాయల అద్దె అనుకొందము. ఏడాదికి 1,44,000 రూపాయలు. ఏజెంటు నూటికి 8 చొప్పున అడిగినచో 11,520 రూపాయలు పోవును. క్రొత్త అద్దెదారును తెచ్చినప్పుడెల్ల ఒక నెల అద్దె వేరుగా దలాలీ అనినచో, మూడు ఖోలీలును ఆ యేడు మారిన యెడల మరి 12,000 రూపాయలు. వెరసి 23,520 రూపాయలు. అనగా రెండు నెలల ఆదాయమునకు కొంచెమే తక్కువ. ఇది చిన్న మొత్తము కాదు. కాని ఒక ఖోలీ మూడు నెలలు ఖాళీగా పడియున్నను 12,000 రూపాయలు పోవును గదా! పుణె నుండి షోలాపురము సుమారు 250 కిలోమీటర్లు. నల్లా కారుచున్నదనియు, పై కప్పు ఉరియుచున్నదనియు కబురు వచ్చినప్పుడెల్ల పరుగెత్తుట ముసలివారి తరమా? ఆదాయపు పన్ను కట్టువారు ఇంకొకటి గమనింపవలెను. అద్దె ఆదాయములో పాలిక పన్ను పోగా మిగిలినదానిపై నూటికి 30 వంతులు ఖర్చుల క్రింద తీసివేయుదురు. ఏజెంటు రుసుము అందులోనిదే. దానికి వేరుగా మినహాయింపు లేదు.

లెక్క ఒకటే అయినచో చిక్కు లేదు. మేమెరిగిన ఒక కుటుంబమున జరిగినది వినుడు. ఆలుమగ లిద్దఱును కుమారుని వద్దకు పోవుచు, పరిచయస్థుడైన యొక ఏజెంటునకు తాళములు ఇచ్చిపోయిరి. ఆతడు పదునొకండు నెలల కరారు స్టాంపు కాగితముపై వ్రాయించెను గాని రిజిస్ట్రీ చేయింపలేదు. డిపాజిట్టు 20,000 రూపాయలు తానే పుచ్చుకొనెను. మొదట కొన్ని నెలలు అద్దె అందినది. తరువాత నాలుగు నెలలు అందలేదు. అడుగగా అద్దెదారు ఇయ్యలేదని ఏజెంటు చెప్పెను. ముసలాయన కోపముతో బయలుదేరి వచ్చి అద్దెదారును నిలదీసెను. ఆతడు మాటాడక ఏజెంటు చేతి రసీదులు నాలుగును ముందు పెట్టెను! అద్దెదారు నిజాయితీపరుడు. చివరకు అతని డిపాజిట్టును యజమాని తన చేతి సొమ్ముతో తిరిగి ఇచ్చుకొనవలసి వచ్చినది. ఓడ దాటుదాక ఓడ మల్లయ్య, ఓడ దాటిన తరువాత బోడి మల్లయ్య అన్నట్లు ఏజెంటు ముఖము చాటు చేసెను.

ఇట్లెందు కగును? 1872వ సంవత్సరపు కంట్రాక్టు చట్టము ప్రకారము, ఇచ్చిన అధికారమునకు లోబడి ఏజెంటు చేసిన పని యజమాని చేసినట్లే. వసూలు అధికారము గల ఏజెంటునకు ముట్టిన అద్దె యజమానికి ముట్టినట్లే. అద్దెదారును మరల అడుగ వీలులేదు. మహారాష్ట్రపు 1999వ సంవత్సరపు అద్దె చట్టము 55వ సెక్షను ఇంకను గట్టిది. కరారు వ్రాతమూలముగ ఉండవలెను, రిజిస్ట్రీ కావలెను. ఆ బాధ్యత యజమానిది. పదునొకండు నెలలకు రిజిస్ట్రీ అక్కఱలేదనుట ఇక్కడ చెల్లదు. తప్పినచో మూడు నెలల వఱకు ఖైదు గాని, 5,000 రూపాయల వఱకు జుర్మానా గాని, రెండును గాని పడవచ్చును. వివాదము వచ్చినచో, వేరుగా రుజువు కానంతవఱకు షరతులను గూర్చి అద్దెదారు చెప్పిన మాటయే నిలుచును. "ఏజెంటు చేయించెదనన్నాడు" అను సమాధానము అక్కడ పనికిరాదు. పద్ధతిగా లీవ్ అండ్ లైసెన్సు కరారు ఉన్నచో, గడువు ముగిసిన తరువాత ఖాళీ చేయని వానిపై 24వ సెక్షను క్రింద ఖాళీ చేయింపవచ్చును. రెట్టింపు చొప్పున పరిహారము కోరవచ్చును. తమిళనాడులో 2019 నుండి అమలులోనున్న చట్టము కూడ వ్రాతకరారును, నమోదును కోరుచున్నది. ఇతర రాష్ట్రముల సభ్యులు తమ చట్టమును స్థానికముగ విచారించుకొనవలెను.

కావున మా అభిప్రాయమిది. యజమాని ఆ ఊరనే ఉండి, ఖోలీలు మూడు నాలుగింటికి మించనిచో తానే చూచుకొనుట మేలు. నెలకొక పూట పని. రూపాయి బయటకు పోదు. అద్దెదారుతో ముఖపరిచయము నిలుచును. దూరమున నున్నవారును, తిరుగలేని వృద్ధులును, ఒంటరి స్త్రీలును ఏజెంటును పెట్టుకొనుటలో తప్పు లేదు. కాని కాళ్లపని మాత్రమే అప్పగింపవలెను. అద్దెదారును వెదకుట, తాళము చూపుట, మరమ్మతు చేయించుట ఆతని పని. సంతకము, డిపాజిట్టు, అద్దె జమ అను మూడును యజమాని విడువరాదు. అద్దె నేరుగా యజమాని బ్యాంకు ఖాతాలో పడవలెను. రసీదు యజమాని పేరిటనే పోవలెను. నేడు కరారు రిజిస్ట్రీకి ఆధారు వేలిముద్రతో ఉన్న ఊరినుండియే సంతకము చేయవచ్చును గనుక, అందుకొఱకు ముక్తారునామా వ్రాసి ఇయ్యవలసిన అవసరము సాధారణముగ రాదు.

ఏజెంటుతో ఒడంబడిక కూడ వ్రాతలోనే ఉండవలెను. రుసుమెంత, ఎంత ఖర్చు వఱకు అడుగకయే మరమ్మతు చేయింపవచ్చును, ఎన్నాళ్ల నోటీసుతో విడిపోవచ్చును అనునవి అందులో ఉండవలెను. అడిగినప్పుడు లెక్క చూపుట చట్టము ప్రకారము ఏజెంటు విధి. అడుగుటకు మొగమాటమేల? నూలు తూచి ఇచ్చి, బట్ట తూచి పుచ్చుకొని, వేస్టేజి ఎంత అని అడుగు ఆసామిని మనమెవ్వరమును తప్పు పట్టము. ఖోలీ లెక్కయు అట్టిదే.

తాళముచెవి పరులకు ఇచ్చినను లెక్కపుస్తకము ఇంటనే ఉంచుకొనుడు. ఈ సంచిక చదివిన వారు నేడే తమ కరారు తీసి, అది రిజిస్ట్రీ అయినదో లేదో చూచుకొనవలెనని మా మనవి.