నల్లకారు సారథి

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున తువాళ్ళు, దుప్పట్లు నేయు మిల్లుల మీద బ్రదికిన పట్టణము కన్నాపొలిస్. అచ్చట 1951లో జన్మించి, తొమ్మిదవ తరగతిలోనే చదువునకు స్వస్తి చెప్పి, మట్టి ట్రాకులపై పందెములాడి కుటుంబమును పోషించిన తండ్రి రాల్ఫ్ చెంత కార్ల విద్య నభ్యసించిన డేల్ ఎర్న్‌హార్ట్, 1980 మొదలు 1994 వఱకు నాస్కార్ సంస్థ నడపు స్టాక్ కారు పందెములలో ఏడుమారులు ఛాంపియనై, అంతవఱకు రిచర్డ్ పెట్టీ యొక్కనికే దక్కిన ఘనతను తానును సాధించెను.

స్టాక్ కారు చూపునకు వీధిలో దిరుగు కారువలెనే యుండును. లోపల మాత్రము ఉక్కుగొట్టముల పంజరము. నలువదికి పైగా కార్లు గంటకు మూడువందల కిలోమీటర్ల వేగముతో ఒకదాని నొకటి ఒరసికొనునట్లు పరుగిడునపుడు, వెనుకకారు ముందుకారు తోకను సమీపించినంతనే, ఆ ముందుకారును నేలకు అదిమిపట్టిన గాలి చెదరి వెనుకచక్రములు పట్టు దప్పును. తాకకయే ఎదుటివానిని తడబడజేయు ఈ విద్యలో ఎర్న్‌హార్ట్ ఆరితేరినవాడు. అవసరమని తోచినపుడు తాకుటకును వెనుదీయలేదు. 1999లో బ్రిస్టల్ పందెమున కడపటి చుట్టులో టెర్రీ లాబాంటీ కారును ఢీకొట్టి తాను గెలిచినపుడు ప్రేక్షకులు బిగ్గరగా నిరసించిరి. ఆ గెలుపును నేనును మెచ్చజాలను.

అయినను ఆ కాఠిన్యమే అతనికి 'ఇంటిమిడేటర్' (భయపెట్టువాడు) అను బిరుదును దెచ్చెను. 1988 నుండి నడపిన నల్లని షెవర్లే, దానిపై మూడు అను అంకె, దట్టమైన మీసము, నల్లకళ్ళద్దములు టోపీలపైకిని చొక్కాలపైకిని ఎక్కి అంగళ్ళలో అమ్ముడుపోయెను. మిల్లులలో చెమటోడ్చు జనులు అతనిని తమలో నొకనిగా జూచుకొనిరి. కాని ఆ బిరుదుకంటె అతని నెక్కువగా తెలుపునది 1998 ఫిబ్రవరి నాటి దృశ్యము. ఇరువది యేండ్లుగా చేజారుచు, 1990లో కడపటి చుట్టున టైరు తెగి చేతికందినట్లే యంది తప్పిపోయిన డేటోనా 500 పందెపు గెలుపు ఆనాడు లభించినపుడు, ప్రత్యర్థి జట్ల పనివారందఱు పిట్ బాట పొడవునను వరుసదీరి, మెల్లగా సాగివచ్చు ఆ నల్లకారు కిటికీలోనికి చేతులు సాచి అతని చేయి తాకిరి. ద్వేషింపబడిన వానికి అట్టి స్వాగతము లభింపదు.

నిర్భయుడను ఆ కీర్తియే అతనికి బంధనమయ్యెనని నా తలంపు. ముఖమును కప్పని పాత హెల్మెట్‌ను అతడు విడువలేదు. హెల్మెట్‌ను భుజములకు బంధించి మెడను కాపాడు 'హాన్స్' పరికరమును ధరింపలేదు. కారు గోడను గ్రుద్దినపుడు బెల్టులు దేహమును నిలిపినను, శిరస్సు ముందునకు విసరబడి కపాలపు అడుగుభాగము పగులును. పెట్టీ మనుమడు ఆడమ్, పంతొమ్మిదేండ్ల బాలుడు, 2000లో న్యూ హ్యాంప్‌షైర్ ట్రాకుపై అట్లే మరణించెను. రెండు నెలలకే అదే ట్రాకుపై కెన్నీ ఇర్విన్ మరణించెను. మెడరక్షకు సంబంధించిన నియమములు మాత్రము మాఱలేదు. 2001 ఫిబ్రవరి 18న డేటోనా కడపటి చుట్టున, తన జట్టువాడు మైకేల్ వాల్ట్రిప్ మొదటను, తన కుమారుడు రెండవస్థానమునను దూసికొనిపోవుచుండగా, వారి వెనుకనున్న ఎర్న్‌హార్ట్ కారు గోడను ఢీకొనెను; అతడు మరణించెను.

ఇద్దఱు యువకుల మరణము చేయజాలని పనిని ఆ మరణము చేసెను. అదే యేడు అక్టోబరులో మెడరక్షను నాస్కార్ నిర్బంధము చేసెను. పిదప కాంక్రీటు గోడలకు ఆఘాతమును మ్రింగు కవచములు అమర్చబడెను. నాటినుండి నాస్కార్ కప్ పందెములలో ఏ సారథియు ప్రాణము కోల్పోలేదు.