క్యోటోలో ఎక్కడ దిగాలి?

క్యోటో వెళ్లొచ్చినవాళ్లను కియొమిజు గుడి ఎలా ఉందని అడిగితే, ఎక్కువమంది మొదట చెప్పేది జనం గురించే. నిజమే. ఏడాదికి 5 కోట్ల మందికి పైగా వచ్చే ఊరది. పొద్దెక్కాక అందరూ అవే నాలుగు వీధుల్లోకి దిగుతారు. పదకొండు గంటల వేళ అక్కడ నడవడమంటే ముందున్నవాళ్ల వీపు చూసుకుంటూ అడుగులో అడుగేయడమే. కానీ ఆ గుడి తలుపులు పొద్దున ఆరింటికే తెరుస్తారు. ఆ వేళకు పైకి చేరినవాళ్లు చూసే క్యోటో పూర్తిగా వేరు. ఆ గంట మనకు దక్కుతుందా లేదా అన్నది ముందు రాత్రి ఎక్కడ పడుకున్నామన్న దాన్నిబట్టే ఉంటుంది.

తిరుమలలో కొండ మీద గది దొరికితే ఒకలాంటి యాత్ర, కింద తిరుపతిలో దిగితే ఇంకోలాంటి యాత్ర. ఈ సంగతి మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. అయినా జపాన్ ప్రయాణం దగ్గరకొచ్చేసరికి విమాన టికెట్ల కోసం నెలల తరబడి లెక్కలు వేసేవాళ్లు కూడా గదిని మాత్రం రేటు, రేటింగు చూసి బుక్ చేసేస్తున్నారు. క్యోటో తూర్పు కొండల కింద ఉన్న హిగాషియామా ప్రాంతానికి వెళ్లేవాళ్లు అలా చేస్తే చాలా పోగొట్టుకుంటారు.

కొండ, వాలు, ఏరు

ముందు ఆ నేల ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. ఊరి మధ్యగా ఉత్తరం నుంచి దక్షిణానికి కామో నది పారుతుంది. నది దాటి తూర్పుకు వెళితే కొంతదూరం చదును నేల, ఆ తర్వాత హిగాషిఓజి అనే పెద్ద రోడ్డు, అది దాటగానే వాలు, ఆ పైన అడవి కప్పిన కొండలు. గుళ్లన్నీ ఆ కొండల అంచున వరసగా ఉంటాయి. దక్షిణాన షిచిజో వీధి చివర సంజుసాంగెన్‌దో, చిషాకుయిన్. గొజో వైపు నుంచి ఎక్కితే కియొమిజు. షిజో వీధి చివర యసాకా మందిరం, గియోన్ పేట. ఇంకా ఉత్తరానికి పోతే చియోన్‌యిన్, ఆపైన నాన్‌జెన్‌జి. నది ఒడ్డు వెంబడే కెయిహాన్ రైలు భూగర్భంలో నడుస్తుంది. షిచిజో, కియొమిజు-గొజో, గియోన్-షిజో దాని స్టేషన్లు. ఈ మూడు పేర్లు గుర్తుంచుకుంటే బస ఎంపిక సగం అయిపోయినట్టే.

ఈ పాత చెక్క ఊరు ఇంకా నిలిచి ఉందంటే దానికి ఒక కారణం 1945లో తీసుకున్న నిర్ణయం. అణుబాంబు వేయాల్సిన నగరాల జాబితాలో క్యోటో ఉంది. అప్పటి అమెరికా యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ పట్టుబట్టి దాన్ని తీయించారు. 794 నుంచి వెయ్యేళ్లకు పైగా రాజధానిగా ఉన్న ఊరు అలా మిగిలింది. కియొమిజులో ఇప్పుడు మనం చూసే ప్రధాన మందిరం 1633లో కట్టింది. కొండ అంచు మీంచి ముందుకు పొడుచుకొచ్చిన దాని వేదిక 13 మీటర్ల ఎత్తున, మేకులు లేకుండా ఒకదానిలో ఒకటి బిగించిన దూలాల మీద నిలబడుతుంది. 1994లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన 17 క్యోటో కట్టడాల్లో అదొకటి.

వాలు మీద బస

అందరికీ మొదట మనసు లాగేది ఈ వాలే. సన్నెన్‌జకా, నినెన్‌జకా అనే రాతి మెట్ల వీధులు, వాటి చివర 46 మీటర్ల యసాకా పగోడా. 1976లోనే ప్రభుత్వం ఈ వీధులను సంరక్షిత ప్రాంతంగా గుర్తించింది. కరెంటు తీగలు భూమిలోకి పోయాయి. చెక్క ముంగిళ్లు, పెంకుటి చూరులు అలాగే ఉన్నాయి. వీటి మధ్య సందుల్లో చిన్న చిన్న రియోకాన్‌లు, అంటే సంప్రదాయ విడిది గృహాలు ఉన్నాయి.

ఇక్కడ రాత్రి ఉన్నవాళ్లకు దక్కేది ఆ ఉదయం. ఆరు కాకముందే బయటపడితే నినెన్‌జకాలో దుకాణాల చెక్క తలుపులన్నీ మూసే ఉంటాయి. పగలు ఐస్‌క్రీములు, కిమోనోలు, ఫోన్ల మధ్య కనిపించని రాతి పలకలు అప్పుడు కనిపిస్తాయి. నడుమ అరిగి, అంచుల్లో కాస్త నాచు పట్టి ఉంటాయి. ఒక ముసలావిడ ఇంటి ముందు వెదురు చీపురుతో ఊడ్చి, బకెట్‌లోంచి గరిటెతో నీళ్లు చల్లుతుంది. పక్కింటి గుమ్మం ముందు కూడా కొంచెం చల్లి ఆపేస్తుంది. పైకి వెళితే వేదిక మీద నలుగురో ఐదుగురో, అదీ ఎక్కువగా రోజూ నడకకు వచ్చే చుట్టుపక్కలవాళ్లే. లోయలోంచి పక్షుల కూత వినిపిస్తుంది. ఎనిమిది దాటేసరికి మొదటి బస్సులవాళ్లు వచ్చేస్తారు. ఆ రెండు గంటల కోసం రెట్టింపు అద్దె పెట్టొచ్చని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే చిక్కులూ తక్కువేం కాదు. సందుల్లోకి టాక్సీ రాని చోట్లున్నాయి. పాత ఇళ్లలో లిఫ్టు ఉండదు, నిచ్చెనలా నిటారుగా ఉండే మెట్లే గతి. సన్నెన్‌జకాలో జారిపడితే మూడేళ్లలో పోతారని అక్కడో పాత నమ్మకం. నమ్మకం సంగతెలా ఉన్నా, వాన పడితే ఆ రాళ్లు జారే మాట నిజం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళితే వాలు మీద గది వద్దు. సాయంత్రం ఐదారు గంటలకే దుకాణాలు కట్టేస్తారు. ఆ తర్వాత తిండి కోసం కిందికి దిగాల్సిందే. రియోకాన్‌లో భోజనం పెడతారు గానీ, దానికో వేళ ఉంటుంది. ఎక్కువచోట్ల ఆరు, ఆరున్నర. ఊరంతా తిరిగి ఎనిమిదింటికి వస్తామంటే కుదరదు. అద్దె కూడా గదికి కాకుండా మనిషికింత అని కడతారు. మన పెద్ద కుటుంబాలు బుక్ చేసేటప్పుడు ఇక్కడే పొరబడతాయి.

పెట్టెల బాధకు మాత్రం మంచి ఉపాయముంది. జపాన్‌లో తక్యూబిన్ అనే సామాను చేరవేత సేవ ఉంది. నల్లపిల్లి గుర్తున్న యమాతో వాళ్లది అందరికీ తెలిసినది. టోక్యో హోటల్ కౌంటర్‌లో పెట్టె ఇస్తే సాధారణంగా మర్నాటికి క్యోటో బసకు చేరుతుంది. ఒక రాత్రికి సరిపడా బట్టలు వీపు సంచీలో పెట్టుకుంటే చాలు.

గియోన్, ఇంకా అద్దె ఇళ్లు

గియోన్ దీపాలు, గెయికోలు (క్యోటో గెయిషాలు), టీ గృహాల పేట. గియోన్-షిజో స్టేషన్ దగ్గర, తిండికి లోటు లేదు, యసాకా మందిరం నాలుగడుగుల్లో. కానీ ఇక్కడ యాత్రికుల తోపులాటకు స్థానికులు విసిగిపోయారు. గెయికోలు కావడానికి శిక్షణ పొందే మాయికోల వెంటపడి ఫొటోలు తీయడం శ్రుతిమించడంతో 2024 ఏప్రిల్ నుంచి ప్రైవేటు సందుల్లోకి రాకపోకలు నిషేధించారు. కాదని వెళితే 10 వేల యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. వాళ్ల కోపం న్యాయమైనదే. రాత్రి పొద్దుపోయేదాకా తిరిగే అలవాటున్న కుర్రాళ్లకు గియోన్ బాగుంటుంది. జులైలో గియోన్ మత్సురి ఉత్సవం చూడాలనుకునేవాళ్లకూ అంతే. మిగతావాళ్లు సాయంత్రం వచ్చి చూసి వెళితే చాలు.

ఇక మాచియాలు. వీధి వైపు ముఖం ఇరుకుగా, లోపలికి పొడుగ్గా సాగే పాత చెక్క ఇళ్లివి. 2016 సర్వేలో 40 వేలకు పైగా లెక్కతేలాయి, ఏటా కొన్ని వందలు కూలిపోతున్నాయి. వాటిలో కొన్నింటిని బాగుచేసి యాత్రికులకు మొత్తంగా అద్దెకిస్తారు. అమ్మానాన్న, పిల్లలు, తాతయ్య, నానమ్మ కలిసి వెళ్లే మన కుటుంబాలకు ఇంతకన్నా మంచి వసతి దొరకదు. జపాన్ హోటల్ గది ఇద్దరికంటే ఇద్దరికే. తాతామి చాపల గదిలో ఫుతాన్ పరుపులు వేస్తే నలుగురు హాయిగా పడుకుంటారు. వంటిల్లు, వాషింగ్ మెషిన్ ఉంటాయి. అన్నం వండుకుని పొడులు, పచ్చళ్లతో తినేయొచ్చు. పోపు మాత్రం ఆలోచించి పెట్టండి. ఆ చాపలు, కాగితపు తలుపులు వాసన పట్టుకుంటే వదలవు. పచ్చి కరివేపాకును తనిఖీ పత్రం లేకుండా దేశంలోకే రానివ్వరు.

అద్దె ఇంటికి లైసెన్సు ఉందో లేదో చూడటం తప్పనిసరి. 2018 జూన్‌లో వచ్చిన చట్టం ప్రకారం మామూలు ఇళ్లను ఏడాదికి 180 రోజులకు మించి యాత్రికులకు ఇవ్వకూడదు. క్యోటో నగరం ఇంకా బిగించి, నివాస ప్రాంతాల్లో జనవరి మధ్య నుంచి మార్చి మధ్య వరకే అనుమతించింది. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే, ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

స్టేషన్ దగ్గరైతే

క్యోటో స్టేషన్ చుట్టూ పెద్ద హోటళ్లున్నాయి. కన్సాయ్ విమానాశ్రయం నుంచి హరుకా రైలు గంటా ఇరవై నిమిషాల్లోపే అక్కడ దింపుతుంది. రాత్రి ఆలస్యంగా దిగేవాళ్లు, తెల్లారి షింకన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కేవాళ్లు ఇక్కడ ఉండటం సబబు. గుళ్ల కోసం వచ్చి ఇక్కడ ఉంటే మాత్రం రోజూ బస్సు కోసం క్యూ కట్టాల్సి వస్తుంది. మామూలు బస్సు టికెట్టు 230 యెన్‌లు. 2024 జూన్ నుంచి శని ఆదివారాల్లో, సెలవుల్లో 500 యెన్‌ల పర్యాటక ఎక్స్‌ప్రెస్‌లు వేశారు. తప్పనిసరై ఇక్కడే దిగితే బస్సు జోలికి పోకండి. జేఆర్ నారా లైన్‌లో ఒక్క స్టేషన్ వెళ్లి తోఫుకుజిలో దిగి, పక్కనే కెయిహాన్ ఎక్కితే మూడో స్టేషన్ గియోన్-షిజో.

షిచిజో

నా ఓటు మాత్రం షిచిజోకే. కెయిహాన్ స్టేషన్ నుంచి తూర్పుగా పది నిమిషాలు చదునుగా నడిస్తే సంజుసాంగెన్‌దో వస్తుంది. 1266లో తిరిగి కట్టిన, 120 మీటర్ల పొడవైన ఆ మందిరంలో 1001 కన్నన్ (అవలోకితేశ్వర) విగ్రహాలున్నాయి. వాటి ముందు కాపలాగా నిలిచిన 28 దేవతల్లో బ్రహ్మ, ఇంద్రుడు, గరుడుడు కనిపిస్తారు. ఎదురుగా జాతీయ మ్యూజియం. వీధి చివర చిషాకుయిన్. కియొమిజు ఇక్కడి నుంచి ఇరవై, ఇరవై అయిదు నిమిషాల నడక. అంత పేరున్నవి దగ్గర్లోనే ఉన్నా ఈ పేటలో గోల తక్కువ.

చిషాకుయిన్‌కు సొంత వసతి గృహం ఉంది. అక్కడ బస చేసినవాళ్లు తెల్లవారుజామున పూజకు వెళ్లొచ్చు. భిక్షువులు గొంతులు కలిపి మంత్రాలు చదువుతారు. తర్వాత ఇంకో మందిరంలో అగ్నిలో సమిధలు, ఆహుతులు వేస్తారు. మంట పైకి లేస్తుంటే డప్పు మోగుతుంది. గోమా అనే ఈ క్రతువు మన హోమమే. చైనా మీదుగా అక్కడికి చేరింది. ఇది షింగోన్ అనే బౌద్ధ శాఖ మఠం. ఆ శాఖను నెలకొల్పిన కూకై 804లో చైనా వెళ్లి, అక్కడున్న ప్రజ్ఞ అనే భారతీయ భిక్షువు దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. షింగోన్ గురుపరంపరలో నాగార్జునుడున్నాడు. దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపం తలుపును తెల్ల ఆవాలు విసిరి తెరిచి, అందులోంచి ఆయన మూల గ్రంథాలు తెచ్చాడని వాళ్ల గాథ. ఆ స్తూపం మన అమరావతి స్తూపమే అయి ఉండాలని భావించిన పండితులున్నారు. కృష్ణా తీరం నుంచి వెళ్లినవాళ్లు ఆ మంట ముందు కూర్చుంటే పరాయి చోటులా అనిపించదు.

చియోన్‌యిన్‌కు కూడా ఇలాంటి వసతి ఉంది, అక్కడా ఉదయపు పూజ చూడొచ్చు. హోటల్ సౌకర్యాలు ఆశించకండి. స్నానాల గది చాలాచోట్ల ఉమ్మడిదే. ఒళ్లు రుద్దుకుని కడుక్కున్నాకే వేడినీళ్ల తొట్టిలోకి దిగాలి. రాత్రి తలుపులు మూసే వేళ ముందే అడిగి తెలుసుకోండి. శాకాహారులకు గుళ్ల శోజిన్ భోజనం వరం. మాంసం, చేపే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. చారుకు సముద్రపు నాచు, పుట్టగొడుగులు వాడతారు. బయట హోటళ్లలో అయితే కూరగాయల వంటకంలో కూడా ఎండు చేపతో కాచిన దషి అనే రసం పడుతుంది. భోజనం కావాలంటే బుకింగ్‌తో పాటే చెప్పాలి, దషిలో చేప వద్దని విడిగా రాయాలి.

బుక్ చేసే ముందు

చెర్రీ పూలు మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో. ఎర్రబడ్డ మేపుల్ ఆకులు నవంబరు మధ్య నుంచి. ఆ రోజుల్లో అద్దెలు కొన్ని రెట్లవుతాయి, నెలల ముందే గదులు అయిపోతాయి. రాత్రి దీపాల వెలుగులో గుళ్లు చూడనిచ్చేది కూడా ఎక్కువగా అప్పుడే కాబట్టి వాలు దగ్గర బసకు ఇంకా విలువ. చలికి తట్టుకుంటామంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో చవగ్గా దొరుకుతాయి.

బస పన్ను కూడా లెక్కలో వేసుకోండి. 2026 మార్చి 1 నుంచి క్యోటో దాన్ని బాగా పెంచింది. మనిషికి ఒక రాత్రి అద్దె 6 వేల యెన్‌ల లోపుంటే 200, 20 వేల లోపుంటే 400, 50 వేల లోపుంటే 1,000, లక్షలోపుంటే 4,000, లక్ష, ఆ పైన అయితే 10,000 యెన్‌లు. రాత్రికి 16 వేల యెన్‌ల గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి 400 చొప్పున 800 అదనం.

మూడు రాత్రులుంటే రెండు షిచిజోలో గడపండి. ఓపికుంటే మూడోది వాలు మీది రియోకాన్‌లో. నడవలేని పెద్దలుంటే మూడూ షిచిజోలోనే, లేదా కియొమిజు-గొజో స్టేషన్ దగ్గర. ఎక్కడ దిగినా ఒక్క మనవి. ఆ సందుల్లో చెక్క గోడల వెనకాల జనం కాపురాలు చేసుకుంటున్నారు. రాత్రి తొమ్మిది దాటాక గొంతు తగ్గించండి, చక్రాల పెట్టెను రాళ్ల మీద ఈడ్వకుండా చేత్తో ఎత్తి పట్టుకుని నడవండి.