గోదావరి అడవిలో రాతి సిలువలు: అవి ఎవరివి?



ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటిన తరువాత యెహోషువ నది నడుమ నుండి పండ్రెండు రాళ్ళు తెప్పించి గిల్గాలులో నిలువబెట్టించాడు. రేపు పిల్లలు ఈ రాళ్ళేమిటని అడిగితే తండ్రులు వారికి సంగతి చెప్పాలన్నదే ఆ రాళ్ళ ఉద్దేశము (యెహోషువ 4వ అధ్యాయము). రాయి తానుగా మాట్లాడదు. దాని సంగతి తెలిసిన మనిషి చెప్పాలి. చెప్పేవాడు తప్పు చెపితే పిల్లవాడు తప్పే నేర్చుకుంటాడు.

మన గోదావరి ప్రాంతములో సిలువ ఆకారములో నిలిచిన పాత రాళ్ళు కొన్ని ఉన్నాయి. వాటి గురించి విన్న విశ్వాసులు, "అయ్యగారూ, దొరలు రాకముందే మన అడవిలో సిలువలున్నాయట, నిజమేనా?" అని అడుగుతుంటారు. ఈ నెల ఆ ప్రశ్నకు జవాబు వెదకుదాము. ముందుగా రాతి సిలువలకు పేరుబడ్డ ఐర్లాండు దేశమును చూచి, తరువాత మన అడవికి వద్దాము.

చదువురాని వారికి రాతి బైబిలు

ఐర్లాండు ఇంగ్లాండుకు పడమర నున్న ద్వీపము. క్రీ.శ. 5వ శతాబ్దములో బ్రిటన్ నుండి పాట్రిక్ అనే పిల్లవానిని దొంగలు ఎత్తుకొనిపోయి అక్కడ బానిసగా అమ్మారు. ఆరు సంవత్సరాలు మందలు కాచి, ఆ తరువాత తప్పించుకొని ఇల్లు చేరాడు. అయినా తనను బానిసగా చేసిన ప్రజల యొద్దకే సువార్త తీసికొని తిరిగి వెళ్ళాడు. ఆయన వెనుకటి తరాలలో ఆ దేశమంతటా మఠాలు లేచాయి. షానన్ నది ఒడ్డున కియరాన్ అనే భక్తుడు 544 ప్రాంతములో స్థాపించిన క్లోన్‌మాక్‌నాయిస్ మఠము వాటిలో ప్రసిద్ధమైనది. అక్కడివారు ప్రార్థన చేసేవారు, పొలము దున్నేవారు, దూడ తోళ్ళ మీద లేఖనాలు చేతితో వ్రాసేవారు. 563లో కొలంబా అనే ఐర్లాండు సన్యాసి సముద్రము దాటి అయోనా ద్వీపములో దిగి, స్కాట్లాండు ప్రజలకు సువార్త చెప్పాడు.

అయితే చేతివ్రాత బైబిలు ఎంతమందికి అందుతుంది? అందినా చదవగలవారు ఎందరు? అందుకే రాతి సిలువల మీద బైబిలు కథలు చెక్కించారు. మొనాస్టర్‌బాయిస్ అనే చోట 'మ్యూరెడాక్ సిలువ' ఇప్పటికీ నిలిచి ఉన్నది. దాని ఎత్తు సుమారు ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. వెయ్యి సంవత్సరాలు దాటిన ఆ రాతి మీద ఆదాము హవ్వలు, హేబెలును చంపుతున్న కయీను, గొల్యాతును ఎదిరించిన దావీదు, బండను కొట్టిన మోషే, శిశువైన యేసును దర్శించిన జ్ఞానులు కనబడతారు. ఒక ప్రక్క నడుమ సిలువ వేయబడిన ప్రభువు, రెండవ ప్రక్క నడుమ తీర్పు తీర్చుటకు వచ్చిన ప్రభువు ఉన్నారు. మూన్ అనే ఊరి సిలువ మీద పండ్రెండుగురు అపొస్తలులు, సింహాల గుహలో దానియేలు, ఐదు రొట్టెలు రెండు చేపలు ఉన్నాయి. వీటిని చూపిస్తూ ప్రజలకు బోధించి ఉంటారని పండితుల అభిప్రాయము. మన సండే స్కూలులో టీచరు బొమ్మల చార్టు పట్టుకొని చెప్పినట్లే.

795 నుండి ఓడలలో వచ్చిన వైకింగులు ఆ మఠాలను దోచారు. దేశములోని రాజులు కూడ ఒకరిమీద ఒకరు పగతో మఠాలను కొల్లగొట్టారు. చివరకు 1552లో ఇంగ్లీషు సైనికులు క్లోన్‌మాక్‌నాయిస్‌ను దోచి గంటలు సహా ఎత్తుకొనిపోయారు. నేడు అక్కడ కప్పులేని గోడలు, సమాధులు, ఎత్తయిన గుండ్రని గోపురము మిగిలాయి. గాలివానకు చెక్కడాలు అరిగిపోకుండ అక్కడి పాత సిలువలను లోపల భద్రపరచి, బయట వాటివంటి కొత్తవి నిలిపారు.

మన అడవిలోని రాళ్ళు

ఇక మన ప్రాంతము సంగతి. మంచిర్యాల దాటి గోదావరి వెంట దిగువకు పోతే ములుగు జిల్లా అడవులు వస్తాయి. అక్కడ తాడ్వాయి మండలములోని కాటాపూర్, మంగపేట మండలములోని మల్లూరు పరిసరాలలో పెద్ద పెద్ద రాతి పలకలతో కట్టిన పాత సమాధులున్నాయి. నాలుగు వైపుల పలకలు నిలిపి, పైన ఒక బండ కప్పుతారు. ప్రజలు వీటిని రాకాసి గుళ్ళంటారు. ఆ సమాధుల దగ్గర కొన్ని చోట్ల ఒకే రాతిని చెక్కి సిలువవలె నిలిపారు. మనిషి ఎత్తును మించినవి కూడ వాటిలో ఉన్నాయి.

నిజాము రాజ్యములో సర్వే పని చేసిన ముల్హెరన్ అనే అధికారి 1868లో వీటిని గురించి వ్రాశాడు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడు ప్రపంచములోని పెద్దరాతి కట్టడాల మీద వ్రాసిన గ్రంథములో కాటాపూర్ సిలువ బొమ్మ కూడ వేశాడు. ఇవి పూర్వకాలపు క్రైస్తవులవి కావచ్చునని ఆయన తలంచాడు. ఐరోపా దేశపు సిలువలను చూచి పెరిగిన కన్నుకు ఆ ఆకారము వెంటనే సిలువగా తోచడములో ఆశ్చర్యము లేదు.

తరువాత వచ్చిన పండితులు ఇంకా దగ్గరగా పరిశీలించారు. పైభాగము తలవలె ఉన్నది. ప్రక్కలకు చాచినవి పొట్టి చేతులు. కొన్నింటి మీద స్త్రీ రొమ్ములు, మెడలో హారము చెక్కి ఉన్నాయి. అంటే ఇవి మనిషి బొమ్మలు. క్రైస్తవ గుర్తు గాని, వ్రాత గాని వీటిమీద లేదు. ఇవి ఇనుప యుగపు సమాధుల ప్రక్కన నిలిచినవి. అట్టి సమాధులలో ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు రంగుల కుండలు దొరుకుతాయి. తమిళనాడులోని మోట్టూరు, ఉడయార్‌నత్తము అనే ఊళ్ళలో కూడ ఆ కాలపు సమాధుల దగ్గర మనిషి ఆకారపు రాళ్ళున్నాయి. ఈ సమాధుల ఆచారము మన దేశములో క్రీస్తు పుట్టకముందే చాలా కాలము నుండి ఉన్నది. కనుక ఇవి మన ప్రభువు సిలువలు కావు. చనిపోయిన తమవారి కొరకు ఎవరో ప్రేమతో నిలిపిన గుర్తులు.

అయితే మనకు నష్టమా?

ఈ మాట విని కొందరికి మనస్సు చిన్నబోవచ్చును. మన విశ్వాసము పరాయి దేశపుది అని ఊరిలో ఎవరైనా ఎత్తిపొడిచినప్పుడు, "మా సిలువ ఇక్కడ రెండు వేల ఏండ్ల నుండి ఉన్నది" అని చెప్పాలని ఎవరికి ఆశ ఉండదు? కాని దేవుని పక్షమున అబద్ధము పలుకుదురా అని యోబు తన స్నేహితులను గద్దించాడు (యోబు 13:7). సత్యమైన దేవునికి అసత్యమైన సాక్ష్యము అక్కరలేదు. పౌలు ఏథెన్సులో తెలియబడని దేవునికి కట్టిన బలిపీఠమును చూచి, దానిని ఆధారము చేసికొని ప్రసంగించాడు (అపొ. కార్య. 17వ అధ్యాయము). దానిని క్రైస్తవులు కట్టారని మాత్రము అనలేదు. అన్యుల దానిని అన్యులదిగానే గౌరవించి, అక్కడ నుండి క్రీస్తును చూపించాడు.

అంతేకాదు, మన దేశములో పాతకాలపు నిజమైన సిలువలు ఉండనే ఉన్నాయి. చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ మీద 1547లో గుడి కట్టుటకు త్రవ్వగా ఒక రాతి సిలువ దొరికింది. దాని చుట్టు ప్రాచీన పారశీక భాషయైన పహ్లవిలో వ్రాత ఉన్నది. ఐర్లాండు వారు తమ సిలువలు చెక్కుకొన్న ఆ శతాబ్దాలలోనే ఇదికూడ చెక్కబడినట్లు పండితులు చెపుతారు. కేరళలోని కొట్టాయములో కూడ అట్టివి ఉన్నాయి.

మన తెలంగాణ సంఘాల చరిత్ర ఇటీవలిదే. అందులో సిగ్గుపడవలసినది లేదు. తిరునెల్వేలి విశ్వాసులు 1903లో తమ స్వంత మిషను స్థాపించుకొన్నారు. ఆ మిషను పక్షమున వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1909లో డోర్నకల్ వచ్చారు. 1912లో ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌కు గుమ్మటాలు, మినార్లు, మన దేశపు పద్ధతి స్తంభాలు పెట్టించారు. మెదక్‌లో పాస్నెట్ దొరగారు కరువు రోజులలో పనిచేసిన వారికి ఆహారమిచ్చి కట్టించిన గుడి 1924 క్రిస్మసు నాడు తెరవబడింది. దాని రంగు అద్దాల కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము చూపారు. ఐర్లాండువారు రాతిలో చెప్పినదే మెదక్‌లో అద్దములో చెప్పారు.

మనము చేయవలసినది

మొదటిది, గుప్తనిధుల ఆశతో ఆ పాత సమాధులను త్రవ్వేవారున్నారు. మన పిల్లలు ఆ పనికి పోకుండ చూడాలి. ఆ రాళ్ళమీద పేర్లు గీయడము, సున్నము పూయడము, మన గుర్తులు వేయడము కూడదు. అబ్రాహాము భార్య సమాధి కొరకు మక్పేలాలో వెల ఇచ్చి నేల కొన్నాడు. మృతుల స్థలానికి గౌరవము మన గ్రంథము నేర్పినదే.

రెండవది, మన స్వంత రాళ్ళను మరువరాదు. మన బొగ్గుబాయి ప్రాంతములో ఓపెన్‌కాస్టు వచ్చినచోట ఊళ్ళే లేచిపోతాయి. వాటితో ప్రార్థన మందిరము, సమాధుల తోట కూడ పోతాయి. కుటుంబాలు చెదరిపోతే ఆ ఊరిలో సువార్త ఎట్లు మొదలైనదో చెప్పేవారు మిగలరు. కనుక ప్రతి సంఘము ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. మొదట బాప్తిస్మము పొందిన కుటుంబము ఏది, మొదటి ఆరాధన ఎవరి పాకలో జరిగింది, మొదటి ఉపదేశి ఎవరు, మందిరానికి స్థలమిచ్చినదెవరు, ఇవన్నీ సంవత్సరాలతో వ్రాయాలి. చూచినవారు చెప్పినది వేరుగా, చెప్పగా విన్నది వేరుగా గుర్తుపెట్టాలి. ముసలమ్మలను, రిటైరైన కార్మికులను యవ్వనస్థులు ఈ నెలలోనే అడిగి వ్రాసికోవాలి. ఆలస్యము చేస్తే వారే ఉండరు.

మూడవది, క్లోన్‌మాక్‌నాయిస్ గోడలు కూలినా అక్కడివారు నాటిన సువార్త సముద్రాలు దాటింది. పేతురు మనలను సజీవమైన రాళ్ళని పిలిచాడు (1 పేతురు 2:5). బాయి పని ముగించి వచ్చి భార్యాపిల్లలతో కూర్చుండి లేఖనము చదివే తండ్రిని, చదువు రాకపోయినా కీర్తన పాడుతూ మనుమలకు దావీదు కథ చెప్పే అవ్వను చూచి మన పిల్లలు క్రీస్తును నేర్చుకొంటారు. ఆ సాక్ష్యము నిజమైనదిగా ఉండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.