కారులో పసివాని కుర్చీకీ గడువు కలదు

మన ఇళ్లలో అక్కబిడ్డ ఊగిన ఉయ్యాలలోనే చెల్లెలిబిడ్డను పరుండబెట్టుట ఆనవాయితీ. కాని పసిపిల్లలకై కారులో అమర్చు కుర్చీకి ఆ ఆనవాయితీ అన్నివేళలా చెల్లదని మేము మనవి చేయుచున్నాము.

ఈ కుర్చీ చట్రము ప్లాస్టిక్‌తో చేసినది. ఎండలో నిలిపిన కారు లోపల కొలిమివలె కాగును, రాత్రికి చల్లబడును. ఏండ్ల తరబడి ఇట్లు జరుగగా ప్లాస్టిక్ పెళుసెక్కి, కంటికి కానరాని బీటలు పడవచ్చును. పట్టీలును ఎండకు, వాడకమునకు బలము తగ్గును. కారు గుద్దుకొన్న క్షణమున బిడ్డను పట్టి నిలుపవలసినవి ఆ చట్రమూ, ఆ పట్టీలే గదా!

పరీక్షలు కూడ మారుచుండును. ఐరోపాలో 2013లో వచ్చిన ఆర్ 129 నిబంధన, పాతదానివలె గాక, ప్రక్కనుండి తగులు దెబ్బను సైతము పరీక్షించును.

అందుచేత తయారీదారులు సాధారణముగా 6 మొదలు 10 ఏండ్ల గడువు పెట్టుదురు. తయారీ తేదీ కుర్చీ అడుగుననో వీపుననో ఉండును. పెద్ద ప్రమాదమునకు గురియైన కుర్చీని గడువు మిగిలియున్నను వాడరాదు.

బంధువులు ప్రేమతో ఇచ్చినప్పుడు తేదీ అడుగుటకు మొగమాటపడవద్దు. గడువు తీరినచో పట్టీలు కోసి పారవేయుడు. అది మరొక బిడ్డ క్రిందికి చేరకుండును.