తెర పెద్దదైతే మాట వినబడుతుందా?



ఈ మాసం మందిరాన్ని గూర్చిన ఒక సంగతి మీతో మాట్లాడాలని ఆశిస్తున్నాను. నేడు అనేక సంఘాలు మందిరంలో పెద్ద వీడియో తెర పెట్టాలని తలస్తున్నాయి. కొందరు ప్రొజెక్టరు అంటారు, కొందరు ఎల్.ఈ.డి. గోడ అంటారు. యౌవనస్థులు ఉత్సాహపడతారు, పెద్దలు చందా వేస్తారు. అది మంచిదే. అయితే తెర కొనకముందు ఒక ప్రశ్న వేసుకోండి. వెనుక వరుసలో కూర్చున్న అవ్వకు వాక్యం వినబడుతున్నదా? శబ్దం వినబడుతున్నదా అని నేను అడగడం లేదు. మాట తెలుస్తున్నదా?

నెహెమ్యా గ్రంథం ఎనిమిదవ అధ్యాయం జ్ఞాపకం చేసుకోండి. శాస్త్రియైన ఎజ్రా జనులందరికి కనబడునట్లు కొయ్య పీఠం మీద నిలిచాడు. ఉదయం మొదలుకొని మధ్యాహ్నం వరకు చదివాడు. లేవీయులు జనులకు దాని అర్థం తెలియజెప్పారు. గమనించండి, అక్కడ మూడు సంగతులున్నాయి: కనబడడం, వినబడడం, గ్రహించడం. పైగా అది నీటి గుమ్మం ఎదుట ఉన్న బయలు స్థలం. గోడలు లేవు, కప్పు లేదు, ప్రతిధ్వని లేదు. మనమైతే నాలుగు గోడల మధ్య ఆరాధిస్తున్నాము. ఆ గోడలే మన మాటను చెడగొడుతున్నాయి.

మొదటిగా, మాట ఎందుకు చెడిపోతున్నదో చూద్దాం.

ఇందల్వాయిలో ఒక మందిరం ఉన్నదనుకుందాం. పొడవు 60 అడుగులు, వెడల్పు 40 అడుగులు, ఎత్తు 14 అడుగులు. పైన స్లాబు, కింద టైల్సు, చుట్టూ నున్నటి ప్లాస్టరింగు. కాపరి ఒక మాట పలికితే ఆ శబ్దం గోడకు తగిలి స్లాబుకు, స్లాబుకు తగిలి నేలకు, బంతివలె తిరుగుతూనే ఉంటుంది. మొదటి మాట చావకముందే రెండవ మాట వచ్చి దానిమీద పడుతుంది.

మన తెలుగులో ఈ బాధ మరీ ఎక్కువ. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఆ అచ్చు గాలిలో సాగుతూ, తరువాత వచ్చే మెత్తని హల్లును మింగివేస్తుంది. "పాపము" అన్నారా, "శాపము" అన్నారా? "వరము" అన్నారా, "వారము" అన్నారా? వెనుకనున్నవారు ఊహించుకోవలసిందే.

ఈ సంగతిని శాస్త్రీయంగా కనుగొన్నది అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాలెస్ సాబిన్ అనే యౌవన ఉపాధ్యాయుడు. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియంలో కొత్త ఉపన్యాసశాల కట్టారు గాని, అందులో ఎవరు మాట్లాడినా అర్థం కాలేదు. పలికిన మాట ఐదున్నర సెకన్ల వరకు మ్రోగుతూ ఉండేది. సాబిన్ పక్కనున్న నాటకశాలలోని కుర్చీ దిండ్లను రాత్రివేళ తెప్పించి, ఎన్ని దిండ్లు పరిస్తే ఎంత మ్రోత తగ్గుతుందో కొలిచాడు. ఆయన కనుగొన్న సూత్రం సులభమైనది. గది ఎంత పెద్దదైతే మ్రోత అంత ఎక్కువసేపు ఉంటుంది. శబ్దాన్ని పీల్చుకొనేవి ఎంత ఎక్కువైతే అంత త్వరగా అణగుతుంది. తెరిచిన కిటికీ తనకు తగిలిన శబ్దాన్నంతా బయటికి పంపివేస్తుంది గనుక, ఆయన దానినే కొలమానంగా పెట్టుకున్నాడు.

ఆ లెక్క మన మందిరానికి వేసి చూద్దాం. నాలుగడుగుల చదరపు కిటికీలు పది తెరిచి ఉంచి, లోపల ఎవరూ లేకపోతే, శబ్దం అణగడానికి సుమారు నాలుగున్నర సెకన్లు పడుతుంది. నలభై మంది కూడితే 3 సెకన్లు. వందమంది కూడితే 2 సెకన్లు. రెండువందల మంది నిండితే ఒకటింబావు సెకను. ప్రసంగానికి తగినది ఒక సెకను, లేక కొంచెం ఎక్కువ. క్రిస్మస్ నాడు ప్రసంగం చక్కగా వినబడి, బుధవారం ప్రార్థన కూటంలో గుంయ్‌మనడం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? మనుష్యులే మందిరంలోని మెత్తదనం.

మరి కిటికీలు తెరిచే ఉంచుదామా? ఇందల్వాయి నలభైనాలుగవ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నది. టోల్‌గేటు దగ్గర లారీలు ఆగుతూ, కదులుతూ ఉంటాయి. రోడ్డు పక్క మందిరమైతే కిటికీ తెరిస్తే లారీ మ్రోత లోపలికి వస్తుంది. మూస్తే, ఆ నలభై మంది కూటంలో మ్రోగే కాలం 4 సెకన్లు దాటుతుంది. అందుచేత కిటికీ ఒక్కటే మార్గం కాదు.

రెండవదిగా, పెద్ద తెర ఏమి చేయగలదు, ఏమి చేయలేదు?

ఎల్.ఈ.డి. గోడ కూడా ఒక గోడే. అది ప్లాస్టరు వలె గట్టిగా ఉండి, శబ్దాన్ని తిరగగొడుతుంది. పులిపీఠం వెనుక ఉన్న మందపాటి కర్టెన్లు తీసివేసి అక్కడ తెర బిగిస్తే మ్రోత ఇంకా పెరుగుతుంది. స్పీకరు శబ్దం దానికి తగిలి మైకులోకి వస్తే మైకు కూయడం మొదలుపెడుతుంది. సినిమా హాలులో తెరకు సన్నని రంధ్రాలుంటాయి, స్పీకర్లు తెర వెనుక ఉంటాయి. మామూలు ఎల్.ఈ.డి. గోడ వెనుక అలా పెట్టడానికి వీలు లేదు.

అయినా తెర వ్యర్థమని నేను చెప్పడం లేదు. పలికేవాని పెదవులు కనబడితే, గోలలో సైతం మాట బాగా అర్థమవుతుందని 1954లో సంబీ, పొల్లాక్ అనే పరిశోధకులు చూపించారు. చెవి మందగించిన పెద్దలు మన ముఖంలోకి చూస్తూ వింటారు, మీరు గమనించే ఉంటారు. కాబట్టి బోధకుని ముఖం తెరమీద పెద్దగా చూపడం వారికి గొప్ప సహాయం. చదువుతున్న వచనం అక్షరాలలో కనబడితే అది మరింత సహాయం.

ఒక్క జాగ్రత్త వహించాలి. కెమెరానుండి తెరకు బొమ్మ చేరడంలో కొంత ఆలస్యం జరుగుతుంది. పెదవి ఒకటి, మాట ఒకటి అయితే ఆ సహాయం పోతుంది. బొమ్మకంటె శబ్దం 45 మిల్లీసెకన్లు ముందు వచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనుకబడినా మనుష్యులు పట్టుకుంటారని అంతర్జాతీయ ప్రసార ప్రమాణాలు చెప్తున్నాయి. మిక్సరులో శబ్దాన్ని కొద్దిగా ఆలస్యం చేసి సరిచేయమని బిగించేవారిని అడగండి. అయితే బోధకుని స్వంత స్వరం నేరుగా వినబడే ముందు వరుసలలో కూర్చొని కూడా పరీక్షించండి. అక్కడ రెండు స్వరాలు వినబడితే, ఆలస్యం తక్కువగా ఉండే కెమెరా, పరికరాలు తీసుకోవడమే మేలు.

మూడవదిగా, ఏ వరుసలో పని చేయాలి?

ముందు మ్రోత తగ్గించండి. స్పీకర్లకు ఎదురుగా ఉన్న వెనుక గోడతో మొదలుపెట్టండి. రెండు అంగుళాల మందం గల రాక్‌వూల్ పలకలకు బట్ట చుట్టి 400 చదరపు అడుగులు బిగిస్తే, కిటికీలు తెరిచిన నలభై మంది కూటంలో 3 సెకన్లున్న మ్రోత 2 సెకన్ల లోపుకు వస్తుంది. అంత శక్తి లేకపోతే, మందపాటి కర్టెన్లు నిండుగా మడతలు వచ్చేటట్లు, గోడకు కొన్ని అంగుళాలు ఎడంగా వేలాడదీయండి. నేలమీద పలుచని చాపకు బదులు మందపాటి జంపఖానాలు పరచండి. థర్మకోల్ అంటించకండి, అది శబ్దాన్ని పీల్చదు, నిప్పు తగిలితే ప్రమాదం. కోడిగుడ్ల అట్టలు కూడా అంతే. ఏది పెట్టినా త్వరగా నిప్పంటుకోనిదై ఉండాలి.

తరువాత స్పీకర్లు. మాట తెలియకపోతే మనం చేసే మొదటి పని సౌండు పెంచడం. కాని సౌండు పెంచితే మాటతోపాటు మ్రోత కూడా అంతే పెరుగుతుంది. స్పీకరును జనులకు దగ్గరగా, వారివైపు వంచి పెట్టడమే మందు. గోడవైపు, స్లాబువైపు శబ్దం పోనివ్వకూడదు. ఈ పనికి నిలువు కాలమ్ స్పీకర్లు మేలు. హాలు మధ్యలో మరో జత పెడితే వాటికి కొంత ఆలస్యం ఇవ్వాలి. శబ్దం సెకనుకు సుమారు 1,140 అడుగులు పోతుంది. ముందు స్పీకరునుండి 34 అడుగుల దూరానికి 30 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లెక్క ప్రకారం పెడితే రెండు శబ్దాలు ఒకటిగా వినబడతాయి.

చివరకు తెర. వెనుక కూర్చున్నవారి దూరంలో ఎనిమిదవ వంతుకు తెర ఎత్తు తగ్గకూడదు. 60 అడుగులకు ఏడున్నర అడుగులు. మన సంఘాలలో చాలామంది నేలమీద కూర్చుంటారు గనుక తెర అడుగు అంచు నేలకు ఐదడుగుల ఎత్తున ఉంటే ముందువారి తలలు అడ్డురావు. అక్షరాల ఎత్తు పది అడుగుల దూరానికి ఒక అంగుళం చొప్పున లెక్కించండి, 60 అడుగులకు ఆరు అంగుళాలు. తెలుగు వత్తులు, గుడులు చిన్నవి గనుక దీనిలో లోపం చేయకండి. ఒకసారికి నాలుగు వరుసలే చూపండి. పెద్ద తెరకు శక్తి చాలకపోతే, ముందునుండి 38 అడుగుల దగ్గర ఇరువైపుల 65 అంగుళాల టి.వి.లు రెండు పెట్టండి. వాటి ఎత్తు సుమారు 32 అంగుళాలు. ఎనిమిది రెట్లు అంటే 21 అడుగులు. వెనుక కూర్చున్నవారికి చాలావరకు సరిపోతుంది.

మన పితరులు దీనిని ఎరుగనివారు కారు. మెదకులోని గొప్ప దేవాలయాన్ని చూడండి. రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు కట్టించగా, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠించబడింది. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు గల ఆ రాతి మందిరంలో శబ్దం మార్మ్రోగకుండ కప్పు లోపల స్పంజివంటి గుల్ల పదార్థం వాడారు. రంగుల అద్దాల కిటికీలు తరువాత వచ్చాయి. ఆరోహణ చిత్రం 1927లో, జనన చిత్రం 1947లో, సిలువ చిత్రం 1958లో. చదవను రానివారికి సైతం దూరమునుండి కనబడిన పెద్ద చిత్రాలవి. అక్కడ వినికిడికి ఏర్పాటు ముందు జరిగింది, చూపుకు ఏర్పాటు తరువాత జరిగింది. ఈ క్రమం మనకును మాదిరి.

ప్రియులారా, ఈ ఆదివారం ఒక చిన్న పరీక్ష చేయండి. ఆరాధన ముగిసిన తరువాత ఒకరు మైకులో ఇరవై మాటలు చదవాలి. అందరికి కంఠస్థమైన వచనం వద్దు, ఎందుకంటే సగం వినబడినా మనస్సు మిగతా సగం పూరించుకుంటుంది. ఊళ్ళ పేర్లను, మనుష్యుల పేర్లను కలిపి చదవండి. వెనుక వరుసలో ఐదుగురు వాటిని వ్రాయాలి. వారిలో ఒక వృద్ధురాలు, ఒక చిన్నబిడ్డ ఉండాలి. వ్రాయను రానివారు పక్కవారి చెవిలో చెప్పవచ్చు. ఇరవైలో పన్నెండే సరిగా వస్తే, మీరు తెర కొరకు పోగుచేసిన సొమ్ములో మొదటి భాగం ఎక్కడ ఖర్చుపెట్టాలో మీకే తెలుస్తుంది.

బూర స్పష్టంగా మ్రోగకపోతే యుద్ధానికి ఎవడు సిద్ధపడతాడని పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాసిన సంగతి మీరెరుగుదురు. ధర్పల్లి దారిన నడిచి వచ్చిన ఆ అవ్వ ఏమీ గ్రహించకుండ ఇంటికి తిరిగి వెళ్తే, పన్నెండడుగుల తెర ఆమెకు ఏమి ప్రయోజనం? ఆమెకు మొదట వినబడనివ్వండి, తరువాత కనబడనివ్వండి.

దేవుడు మిమ్మును, మీ సంఘమును దీవించును గాక. ఆమేన్.